మేకతో మాట్లాడిన తోడికోడళ్ళు

నాకు బాగా నచ్చిన నాటకం ఏదని అడిగినవాళ్ళకు ఒక పేరు చెప్పి ఊరుకోలేను. దానికి పేరు లేదు. రాసినావిడ పెట్టలేదు. చూసిన ఆడవాళ్ళు "మేక నాటకం" అన్నారు, అదే ఉండిపోయింది.

పాతికేళ్ళుగా నాటకాలు రాస్తున్నాను. పోటీల్లో ఇచ్చిన షీల్డులు మా ఇంటి అటక మీద బూజు పట్టి ఉన్నాయి. కాలేజీల వాళ్ళు పిలిచి కథ చెప్పే కళ గురించి నాలుగు మాటలు చెప్పమంటారు. వెళ్తాను. వెళ్ళిన ప్రతిచోటా మేక నాటకం గురించే చెబుతాను. సగానికి వచ్చేసరికి నా గొంతు పెరిగిపోతుంది, ముందు వరసలో కూర్చున్న పెద్దలు ఇబ్బందిగా కదులుతారు. కోపంలో ఉన్నవాడు కళ గురించి మాట్లాడకూడదని ఒకాయన నా చెవిలో సలహా కూడా ఇచ్చాడు. కోపం తగ్గాక మాట్లాడదామని ఆగితే నేను ఈ జన్మలో నోరు విప్పను.

నాటకం రాసినావిడ కోటబొమ్మాళి బజారు వీధిలో జాకెట్లు కుట్టేది. ఇప్పటికీ కుడుతోంది. ఆవిడ పేరు ఇక్కడ రాయొచ్చా అని అడిగాను. "నాటకం మీద ఎయ్యండి మేస్టారూ, మీ గోలలో ఎయ్యకండి" అంది. అందుకని ఇందులో ఎవరి పేరూ ఉండదు.

అప్పట్లో నేను అక్కడికి దగ్గర్లోని హైస్కూల్లో తెలుగు చెప్పేవాడిని. ఇల్లు శ్రీకాకుళంలో. పొద్దున ఆమదాలవలసలో రైలెక్కి వెళ్ళి, సాయంత్రం అదే దారిలో తిరిగొచ్చేవాడిని. ఒకరోజు అక్కడి మహిళా సంఘం వాళ్ళు పంచాయతీ ఆఫీసు ఆవరణలో మీటింగు పెట్టుకుని నన్ను పిలిచారు. నాటకాలు రాసే మేష్టారు కదా, రెండు మంచి మాటలు చెప్పి బహుమతులిమ్మన్నారు. మధ్యాహ్నం మూడు గంటలు. ఎండ మండిపోతోంది. నా ధ్యాసంతా అయిదు గంటల రైలు మీద ఉంది. ఉపన్యాసాలయ్యాక ఎవరో లేచి, ఇప్పుడు మా సంఘం సభ్యులిద్దరు నాటకం ఆడతారని చెప్పారు. నేను వాచీ చూసుకున్నాను. ఆ వాచీ చూసుకున్న చెయ్యిని ఇప్పుడు తలచుకున్నా నాకు సిగ్గేస్తుంది.

వేదిక లేదు. ఆవరణలో ఒక మూల కుళాయి ఉంది. నిజం కుళాయే. దాని దగ్గరికి ఒక పొడుగాటి సన్నటి ఆవిడ ఖాళీ బిందెతో వచ్చి, బిందె కింద పెట్టి నిలబడింది. వెనకాలే కొంచెం బొద్దుగా ఉన్న పెద్దావిడ ఇంకో బిందెతో, మేకని తోలుకుంటూ వచ్చింది. నిజం మేకే. మేకను కుళాయి గొట్టానికి కట్టింది. కుళాయి ఇంకా రాలేదు. ఇద్దరూ చెరో దిక్కుకి తిరిగి నిలబడ్డారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. జనం నవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు పెద్దావిడ మేక వైపు తిరిగింది.

"ఏటే, నీకు బుద్ధి నేదా? అడ్డంగా నిలబడితే నీల్లు నీకే వస్తాయనుకుంటన్నావేటి?"

పొడుగావిడ కూడా మేక వైపే తిరిగింది.

"ఓలమ్మా, సూసినావా మేకా! ముందొచ్చిన మనిసిది తప్పు, ఎనకొచ్చి అరిసినోలది ఒప్పు. మీ ఇంటి నాయం ఎప్పుడూ అంతే."

నాటకమంతా ఇంతే. వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. చెప్పాల్సిందంతా మేకకు చెబుతారు. మేక ఒకసారి ఈవిడ వైపు, ఒకసారి ఆవిడ వైపు చూస్తుంది. మధ్యలో బహుమతుల బల్ల మీంచి వేలాడుతున్న కాగితం పూలదండ అందుకుని తినేసింది. జనం పడీపడీ నవ్వారు. ఇద్దరూ చెదరలేదు. తిట్లు ముదిరాయి. ముదిరి ముదిరి అత్తగారి చావు దగ్గరికి వచ్చాయి.

"మేకా, నువ్వే సెప్పు. మనిసి పోతే కబురెట్టరా? కడసూపు కూడా దక్కకుండా సేస్తారా?" అంది పొడుగావిడ.

ఆ మాట తర్వాత నవ్వులు ఆగిపోయాయి. పెద్దావిడ మేక మెడ మీద చెయ్యేసి నిలబడింది. జవాబు చెప్పలేదు. చెప్పకుండా అలా నిలబడగలగడం ఎంత కష్టమో రంగస్థలం మీద పనిచేసిన వాళ్ళకు తెలుసు. నా నాటకాల్లో అయితే ఆ చోట ఒక పేజీన్నర డైలాగు ఉండేది.

కాసేపటికి పొడుగావిడ గొంతు తగ్గించి మేకను అడిగింది. "ఒసే, మీ ఇంట్లో గుంటడికి జొరం తగ్గినాదేటే?"

పెద్దావిడ మేకకే చెప్పింది. "తగ్గినాదని సెప్పవే. పొద్దున గంజి తాగినాడని సెప్పు."

అంతలో కుళాయి వచ్చింది. పొడుగావిడ బిందె ముందుంది, నిండింది. పెద్దావిడ బిందె పెట్టేసరికి కుళాయి ఆగిపోయింది. పొడుగావిడ తన బిందె వంచి సగం నీళ్ళు ఆ బిందెలో పోసింది. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. తర్వాత పొడుగావిడ తన బిందె వైపు చూసి, తోడికోడలి వైపు చూసి, మొదటిసారి నేరుగా అంది.

"అప్పా, బిందె ఎత్తుతావా?"

పెద్దావిడ వచ్చి బిందె ఎత్తి ఆవిడ చంకన పెట్టింది. అయిపోయింది.

గమనించండి. అది సగం బిందె. సగం బిందె ఎత్తడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. చిన్నపిల్ల కూడా ఎత్తుకుంటుంది. అవసరం లేని సాయం అడగడంలోనే తొమ్మిదేళ్ళ కథంతా ఉంది. నేను పుస్తకాలు చదివి, పెద్దల దగ్గర కూర్చుని, పది నాటకాలు రాసి తెలుసుకోలేనిది ఒక జాకెట్లు కుట్టే ఆవిడ ఒక్క వాక్యంలో పెట్టింది. మనిషి ఎవరితో మాట్లాడుతున్నాడన్నది కాదు, ఆ మాట ఎవరికి తగలాలని మాట్లాడుతున్నాడన్నదే కథ. ఈ సంగతి ఇవాళ నేను కాలేజీల్లో గొప్పగా చెబుతాను. అది నాది కాదు. ఆవిడది.

ఆవరణలో కూర్చున్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టలేదు. చాలామంది కొంగులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. ఆ పెద్దావిడ, పొడుగావిడ బిందె ఎత్తినావిడ, నాటకం అయిపోయినా అక్కడే కుళాయి పట్టుకుని నిలబడిపోయింది. వణుకుతోంది. బాగా నటించిందనుకున్నాను. అయిదు గంటల రైలు వెళ్ళిపోయింది.

మర్నాడు స్కూలయ్యాక ఆ పెద్దావిడ జాకెట్ల కొట్టుకి వెళ్ళాను. నాటకం ఎవరు రాశారని అడిగాను. కొలతల పుస్తకం తిప్పి వెనక పేజీలు చూపించింది. ముందు నుంచి చూస్తే చేతులు, నడుములు, మెడల కొలతలు. వెనక నుంచి చూస్తే నాటకం.

"ఆ రెండో ఆవిడ ఎవరు?" అన్నాను.

"మా మరిది పెళ్ళాం. నిజం తోడికోడలే మేస్టారూ."

"మరి అత్తగారు..."

"అదీ నిజవే. ఒకే గోడ. ఇటు నాను, అటు అది. తొమ్మిదేళ్ళు మాటల్నేవు. అత్త పోయిన్నాడు దానికి కబురు బేగి అందనేదు. పుట్టింట్లో ఉన్నాది. అది వచ్చేసరికి అంతా అయిపోనాది. కావాలనే సెప్పనేదని ఊరంతా అన్నాది. కావాలని కాదని నాను సెప్పనేదు. నాకూ కోపం వచ్చినాది. ఊరుకున్నాను. ఊరుకుని ఊరుకుని తొమ్మిదేళ్ళు."

సంఘంలో నాటకం వెయ్యమన్నప్పుడు ఆవిడ ఇది రాసి, పక్కింటి అమ్మాయి చేత గోడకవతల పంపించింది. ఆడతావో ఆడవో అడగమంది. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు తోడికోడలు కొట్టు ముందుకొచ్చి నిలబడింది. నాటకంలో మాటలు తప్ప ఒక్క ముక్క మాట్లాడలేదు. వారం రోజులు అలాగే సాధన చేశారు. ఆఖరి మాట మాత్రం తోడికోడలు ఏ ఒక్కరోజూ అనలేదు. నీళ్ళు పోసి, తన బిందె తనే ఎత్తుకుని వెళ్ళిపోయేది.

"పోన్లే, అదీ బాగానే ఉన్నాదని ఒగ్గీసినాను" అంది ఆవిడ. "నిన్న జనం మజ్జిన అన్నాది. ఇన్నారు గదా. నాను రాసిన మాటే. కానీ అది అంటాదని నాకు తెల్దు."

ఆ వణుకు నటన కాదు. నేను చూసింది నాటకం ఆఖరి మాటనీ, తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాటనీ. ఆ రెండూ ఒకే వాక్యంలో, ఒక పంచాయతీ కుళాయి దగ్గర.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి జ్ఞాపకం. నేనే దాన్ని పాడుచేశాను.

విజయనగరంలో నాకొక స్నేహితుడు ఉండేవాడు. దర్శకుడు. నా నాటకాలు చాలావరకు అతని బృందమే ఆడింది. మేక నాటకం నేనొక కాగితం మీద చక్కగా రాసుకుని అతనికి వినిపించాను. సిగరెట్టు ఆర్పేసి, "ఇది నాకియ్యి, ఈసారి పోటీలకి కడదాం" అన్నాడు. నేను కోటబొమ్మాళి వెళ్ళి ఆవిడను అడిగాను.

"పోటీలంటే పెద్దోలు సూస్తారా?" అంది.

"చూస్తారు. ఒక్క మాట కూడా మారదు. నాది పూచీ."

"మీరున్నారు గదా మేస్టారూ. మరేటి? తీసికెల్లండి."

అదే పోటీలకు అదే బృందం నా కొత్త నాటకం కూడా కడుతోంది. దాని రిహార్సలు చూడ్డానికి వెళ్ళినప్పుడు మేక నాటకం కూడా చూశాను. తోడికోడళ్ళిద్దరూ గుంటూరు వాళ్ళలా మాట్లాడుతున్నారు. "ఏంటే, నీకు బుద్ధి లేదా?" అంటోంది ఒకావిడ. ఇదేమిటని అడిగాను.

"జడ్జీలు ఎక్కడెక్కడి నుంచి వస్తారో నీకు తెలీదా? భాష అర్థం కాకపోతే మార్కులెలా వేస్తారు?"

ఇంతలో అతని ఫోను మోగింది. తల్లి. "ఏటమ్మా? ఆఁ, తినీసినాను. బేగి వచ్చీస్తాను" అన్నాడు. ఫోను పెట్టేసి నా వైపు తిరిగి మళ్ళీ పుస్తకం భాష మొదలుపెట్టాడు. అమ్మతో మాట్లాడే భాషలో ఒక ఆడది ఏడవడానికి వీల్లేదట. నాకు ఒళ్ళు మండింది. కానీ నోరెత్తలేదు. నోరెత్తితే నా కొత్త నాటకం సంగతేమవుతుందో అన్న భయం. ఇంకేమీ కాదు. నేను రంగస్థలం కోసం, స్నేహం కోసం ఊరుకున్నానని నాకు నేను ఎన్నో విధాలుగా చెప్పుకుని చూశాను. ఏదీ నిలబడలేదు. నా స్వార్థం కోసం ఊరుకున్నాను. తర్వాత రిహార్సళ్ళకు వెళ్ళడమే మానేశాను. చూడకపోతే నాకు తెలియనట్టే కదా అనుకున్నాను.

పోటీలు శ్రీకాకుళంలో. మేక నాటకానికి సాయంత్రం నాలుగు గంటల సమయం ఇచ్చారు. ఆవిడా, తోడికోడలూ, సంఘం ఆడవాళ్ళు మరో అయిదారుగురూ బస్సెక్కి వచ్చారు. తోడికోడళ్ళిద్దరూ పొందూరు నేత చీరలు కట్టుకున్నారు. పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. అయిదో వరసలో కూర్చోబెట్టాను. నేను పక్కన చివర్లో కూర్చున్నాను.

తెర లేచే ముందు మైకులో చెప్పారు. రచన, దర్శకత్వం నా స్నేహితుడి పేరు. మూలం, ఉత్తరాంధ్ర జానపదం.

జానపదం! రాసిన మనిషి అయిదో వరసలో బిగుసుకుని కూర్చుంది. ఆవిడ చేతి వేళ్ళకు సూది గుచ్చుకున్న మచ్చలు కూడా కనిపిస్తున్నాయి నాకు. జానపదం అంటే ఎవరిదీ కాదనీ, ఎవరైనా తీసుకోవచ్చనీ వాళ్ళ అర్థం.

తెర లేచింది. మెరిసిపోయే రాగి బిందెలు. కుళాయికి బదులు అట్టతో చేసిన బావి. మేక లేదు. మేక ఉండాల్సిన చోట ఒక పాలేరు ఉన్నాడు. చిరుగుల బనీను, మొహానికి నల్లరంగు. తోడికోడళ్ళు పుస్తకం భాష మాట్లాడుతున్నారు. పాలేరు ఒక్కడే మా భాష మాట్లాడుతున్నాడు, అదీ సాగదీసి, వంకర మూతి పెట్టి. వాడు "ఏటీ?" అన్నప్పుడల్లా హాలు గొల్లుమంటోంది. వాడు ఇంకేమీ అనక్కర్లేదు. "ఏటీ" అంటే చాలు.

నేను ఆవిడ వైపు చూడలేకపోయాను.

అత్తగారి చావు ప్రస్తావన వచ్చింది. అక్కడ మౌనం లేదు. వయొలిన్ మోగింది. సర్పంచి పాత్ర ఒకటి ప్రవేశించి ఐకమత్యం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఇద్దరూ ఆయన కాళ్ళ మీద పడ్డారు. లేచి కౌగలించుకున్నారు. పాట వేశారు. సగం బిందె లేదు. "బిందె ఎత్తుతావా" లేదు. తర్వాత తెలిసింది, సగం బిందె ఎవరైనా ఎత్తుకోగలరు, అడగడంలో అర్థం లేదని దర్శకుడు ఆ మాట కొట్టేశాడని. నాటకం ప్రాణం ఎక్కడుందో వెతికి మరీ అక్కడే కోశాడు.

తెర పడింది. చప్పట్లు. నేనెప్పుడు లేచానో తెలియదు. వేదిక ఎక్కి వ్యాఖ్యాత చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"ఇది జానపదం కాదు. ఇది రాసినావిడ ఈ హాల్లోనే ఉంది. ఆవిడ రాసింది ఇది కాదు. మీరు నవ్వింది మా మాటలు విని. ఇది మా ఊరు, మా హాలు, మా ఊళ్ళోనే మా మాటకి నవ్వుతారా?"

మైకు ఆపేశారు. నేను మైకు లేకుండా అరిచాను. ఏమన్నానో పూర్తిగా గుర్తు లేదు, బూతులు కూడా వచ్చి ఉంటాయి. ఇద్దరు కార్యకర్తలు చెరో రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. నా స్నేహితుడు సైడు వింగులో నిలబడి, పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

బయట మెట్ల దగ్గర ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి, వాడు నన్ను మోసం చేశాడన్నాను.

"ఆడెవుడో నాకు తెల్దు మేస్టారూ" అంది ఆవిడ. కళ్ళల్లో నీళ్ళు లేవు. "నాను ఆడికియ్యనేదు. మీకిచ్చినాను."

నేను తల వంచుకున్నాను. తోడికోడలు నా వైపు ఒకడుగు ముందుకు వేసింది. ఆవిడ మనిషే కాదు, కోపం కూడా పొడుగే.

"మేకనేటి సేసినారు? మేకని తీసీసి మనిసిని ఎట్టినారు. ఆ మనిసి మాటలు మా మాటలే. మేం మాటాడితే అలగుంటాదేటి మీకు? సదువుకున్నోలు, మీకూ అలగే ఇనిపిస్తాదేటి?"

బస్సు వచ్చింది. వెళ్ళిపోయారు.

ఆ పోటీల్లో ఆ నాటకానికి రెండో బహుమతి వచ్చింది. నా నాటకానికి ఉత్తమ రచన. నేను తీసుకోవడానికి వెళ్ళలేదు. అందులో గొప్పేమీ లేదు, వెళ్ళడానికి మొహం చెల్లలేదు. నా స్నేహితుడు ఫోను చేసి, "ఒక కుట్టుపనావిడ కోసం ఇరవయ్యేళ్ళ స్నేహం పాడుచేసుకుంటావా? నీకు అసూయ" అన్నాడు. నిర్వాహకులకు ఉత్తరాలు రాశాను. మూడో ఉత్తరానికి జవాబొచ్చింది. జానపదాలకు కర్తలు ఉండరని మీబోటి వారికి తెలియనిది కాదు, అని. ఆ కాగితం చింపి పారేద్దామనుకున్నాను. దాచుకున్నాను. కోపం తగ్గుతున్నట్టు అనిపిస్తే తీసి చదువుకోవచ్చని.

కొట్టుకి వెళ్తూనే ఉన్నాను. ఆవిడ నాతో మాట్లాడేది కాదు. నేను గుమ్మంలో నిలబడితే జాకెట్టు కొలతకి వచ్చినావిడతో చెప్పేది. "కుర్చీ ఉన్నాది, కూకోమనమ్మా." కూర్చునేవాడిని. "టీ తాగుతారేమో అడుగు." తాగేవాడిని. ఒక నెలంతా అలా గడిచింది. చివరికి ఒకరోజు మిషను ఆపి నన్నే చూసింది.

"ఎన్నాల్లు వస్తారిలగ? అరిసి ఏటి సేసినారు? మళ్ళా ఆడతాం. ఆ మార్కులేసినోలని పిలవండి. మీరేటీ రాయొద్దు. ఏటీ సెప్పొద్దు. పిలవండి సాలు."

ముగ్గురు న్యాయనిర్ణేతలనూ కలిశాను. ఒకాయన ఆరోగ్యం బాగోలేదన్నాడు. ఒకాయన ఫోను ఎత్తడం మానేశాడు. మూడో ఆయన వచ్చాడు. రాజమండ్రి నుంచి. పెద్ద మనిషి. మా హైస్కూలు ఆవరణలో, మధ్యాహ్నం, మళ్ళీ ఒక నిజం కుళాయి దగ్గర తోడికోడళ్ళిద్దరూ ఆడారు. మేక మాత్రం వేరేది. పాతదాని కూతురన్నారు. ఈసారి ఆఖరి మాట కోసం నేను ఊపిరి బిగబట్టాను. పొడుగావిడ తడుముకోకుండా అంది. ఇప్పుడు వాళ్ళ మధ్య గోడ ఉంది కానీ మాటలున్నాయి, అందుకని ఆ మాట వేరేగా వచ్చింది. కాస్త అల్లరిగా, తోడికోడల్ని ఆటపట్టిస్తున్నట్టు. పెద్దావిడకు నవ్వొచ్చి ఆపుకుంది. అదే మాట. మొదటిసారి గుండె పట్టేసింది, ఈసారి తేలికపరిచింది. అదెలా సాధ్యమో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. తెలుసని కాలేజీల్లో చెప్పను.

ఆ పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "ప్రతి మాటా అర్థమైందండీ" అన్నాడు.

ఆయన మంచివాడే. అయినా నాకు కోపమే వచ్చింది. అర్థం కాదని మీకెవరు చెప్పారు? మీరు అడిగారా? మీకు అర్థం కాదేమోనని మావాళ్ళే భయపడి, మా నాలుక మేమే కోసుకుని మీకు పళ్ళెంలో పెట్టాం. ఆ మాట ఆయనతో అనలేదు. అన్నం తినిపించి రైలెక్కించాను.

ఆ వారం ఇంట్లో కూర్చుని నా పది నాటకాలూ తీసి చదివాను. రైతు ఉన్నాడు, టీచరు ఉంది, కలెక్టరు ఉన్నాడు. అందరూ పుస్తకంలా మాట్లాడుతున్నారు. మా భాష మాట్లాడేది ఎవరో చూశాను. రిక్షావాడు. పనిమనిషి. తాగుబోతు. దర్శకుడు మేక స్థానంలో పాలేరును పెట్టడం ఎక్కడ నేర్చుకున్నాడో అప్పుడు తెలిసింది. నా దగ్గరే. ఇరవయ్యేళ్ళు నా నాటకాలు ఆడాడు కదా.

అప్పట్నుంచి నేను రాసే మనుషులు మా ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడతారు. షీల్డులు రావడం మానేశాయి.

నిరుడు మేక నాటకాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాను. అట్ట మీద ఆవిడ పేరు వేసి నమూనా తీసుకెళ్ళి చూపించాను. వేలితో ఆ పేరు తడిమి చూసుకుంది. తర్వాత, "దాని పేరు కూడా ఎయ్యండి" అంది.

"ఆవిడ రాయలేదు కదప్పా."

"ఆకరి మాట నాను రాసినాను గానీ అన్నాది అది. అనకపోతే అది కాయితం మీదే ఉండిపోయీది. ఇద్దరిదీ ఎయ్యండి."

ఇద్దరి పేర్లూ వేశాం. తోడికోడలు చూసి, తన పేరులో ఒక ఒత్తు తప్పుపడిందని దెబ్బలాడింది. మళ్ళీ అచ్చు వేయించాను.

నా పాత స్నేహితుడి బృందం మాత్రం ఆ మార్చేసిన మేక నాటకాన్ని ఇంకా ఆడుతూనే ఉంది. సర్పంచి, పాలేరు, వయొలిన్, పాట. మూలం జానపదం. ఎక్కడ ఆడుతున్నారో పోస్టరు కనిపిస్తే నేను వెళ్తాను. అచ్చయిన పుస్తకం చేత్తో పట్టుకుని వెళ్తాను. మైకులో జానపదం అనగానే లేచి నిలబడి రాసినవాళ్ళ పేర్లు రెండూ గట్టిగా చెబుతాను. మొదటిసారి చొక్కా చిరిగింది. రెండోసారి సగంలోనే నోరు మూసి బయట పడేశారు. ఈ వయసులో నీకిదేం పని అని మా ఇంట్లో అందరూ చీవాట్లు పెడతారు. నాకింకో పని తెలియదు.

మొన్న విజయనగరంలో మళ్ళీ ఆడారు. గుమ్మం దగ్గర టికెట్లు చూసే అతను నన్ను గుర్తుపట్టేశాడు. నడివయసు మనిషి. లోపలికి పోనిస్తాడో లేదో అని ఆగాను. టికెట్టు చించి ఇచ్చాడు. సరిగ్గా జానపదం అన్న మాట వినిపించి నేను లేవగానే, అతనే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చెయ్యి నా భుజం మీద వేశాడు కానీ లాగలేదు.

"బాబూ, ఎలాగూ మిమ్మల్ని బయిటికి తీసికెల్లాల నాను. ఉజ్జోగం" అన్నాడు మెల్లగా. "బేగి సెప్పీండి. ఇద్దరివీ సెప్పీండి."

చెప్పాను. ఇద్దరివీ, ఇంటిపేర్లతో సహా. అప్పుడు తీసుకెళ్ళాడు.